గాలిమర కన్నా ముందు కుర్చీలు వేశారు

ఇవాళ కూడా ఫారిన్ చదువుల గురించే మాట్లాడుకుందాం. కానీ జీఆర్ఈ స్కోర్లు, వీసా స్లాట్ల గురించి కాదు.

ముందు నా బండారం నేనే బయటపెట్టుకుంటా. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా బ్యాచ్ ప్రాజెక్టు ఏంటంటే, నేలలో తేమ తగ్గితే సెన్సర్ కనిపెట్టి మోటారు దానంతటదే ఆన్ చేయాలి. మార్కులు బానే వచ్చాయి. సెలవులకి ఊరెళ్లి మా మావయ్యకి గొప్పగా చూపించా. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు: "బాగుందిరా. మరి తేమ తగ్గినప్పుడు కరెంటు ఉండాలి కదా? మాకు త్రీఫేజ్ వచ్చేది అర్ధరాత్రి."

నా దగ్గర జవాబు లేదు. అన్ని నెలల్లో మేం ఒక్క రైతుతో కూడా మాట్లాడలేదు. మాట్లాడాలని ఎవరికీ తట్టలేదు కూడా.

అందుకే డెన్మార్క్‌లోని సామ్‌సో ద్వీపం కథ నాకు అంతగా పట్టుకుంది. 114 చదరపు కిలోమీటర్లు, నాలుగు వేల లోపు జనం, బంగాళాదుంపల సాగు. 1997లో ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచి, పదేళ్లలో తమ కరెంటు, వేడి తామే తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. నేల మీద 11 గాలిమరలు, సముద్రంలో 10. ఇళ్లు వెచ్చగా ఉంచడానికి గడ్డి మండించే ప్లాంట్లు.

ఇంజనీర్‌గా నేను ముందు గాలిమరలే చూశా. అసలు పని వేరే ఉంది. సోరెన్ హెర్మన్‌సెన్ అనే ఆ ఊరి టీచర్ ఏళ్ల తరబడి మీటింగులు పెట్టాడు. కుర్చీలు వేసి, కాఫీ పోసి, జనం సందేహాలు విన్నాడు. చివరికి నేల మీది గాలిమరల్లో ఎక్కువ రైతులే కొన్నారు. మిగతావాటిలో మామూలు జనం వాటాలు తీసుకున్నారు. మన సొంతమైన మర తిరుగుతుంటే దాని చప్పుడు మనకి విసుగు అనిపించదు కదా!

ఇప్పుడు చదువు సంగతి. అమెరికాలో మేన్ రాష్ట్రంలో కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ అని ఒక చిన్న కాలేజీ. అక్కడ ఉన్న డిగ్రీ ఒక్కటే, హ్యూమన్ ఎకాలజీ. మేన్ తీరంలోని ద్వీపాల్లో కరెంటు, చలికాలపు ఆయిల్ ఖర్చు చాలా ఎక్కువ. 2014లో ఈ కాలేజీ స్టూడెంట్స్ సామ్‌సో వెళ్లారు. ఒంటరిగా కాదండీ, ఆ ద్వీపాల వాళ్లని కూడా వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడ చూసింది తిరిగొచ్చాక సొంత ద్వీపాల్లో పనిగా మార్చాలని ప్లాన్. నాకు బాగా నచ్చింది ఇదే. సమస్య ఎవరిదో వాళ్లూ అదే క్లాసులో కూర్చున్నారు.

మన పిల్లలు లక్షల్లో లోన్లు తీసుకుని వెళ్తున్నారు. బ్రోషర్‌లో 'సస్టెయినబిలిటీ', 'కమ్యూనిటీ' అన్న మాటలు, చెట్లు నాటుతున్న ఫొటోలు కనబడితే సంతకం పెట్టేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. మనం చేసే పని ఎవరి సమస్యకి? ఆ ఊరివాళ్లు మనకి పాఠం చెప్తారా, లేక ఫొటోల్లో మాత్రమే ఉంటారా? మనం వచ్చేశాక ఆ పని ఎవరు నడుపుతారు? జవాబు సూటిగా రాకపోతే అది విహారయాత్ర. ఫీజు మాత్రం చదువుది.

ఇంకో మాట. విమానం ఎక్కేముందు జహీరాబాద్ బస్సు ఎక్కండి. పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏళ్లుగా చిరుధాన్యాల విత్తనాలు దాచుకుంటూ వస్తున్నారు. బడి మెట్లెక్కని వాళ్ల దగ్గర కూర్చుని వినడం చేతకాకపోతే, డెన్మార్క్ వెళ్లినా మనకి గాలిమరలే కనబడతాయి. కుర్చీలు కనబడవు.

నేనైతే మా ప్రాజెక్టు మళ్లీ తీశా. ఈసారి మొదటి మీటింగ్ మావయ్య వాళ్ల అరుగు మీద. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎవరి కోసం చేశారో కామెంట్‌లో నిజాయితీగా చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండీ.