కోదాడ చదివిన పిల్ల సూర్యాపేట చదవాలె

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల తల్లిదండ్రులు, కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పట్నంలో గోడల నిండా ర్యాంకుల ఫోటోలున్నయ్. వాటిలో మన వాడ పిల్లలు ఎందరో మీకు తెలుసు. ఆ గోడల సంగతి పక్కకు పెడదాం. ఊరి ప్రాథమిక బడిలో ఐదేండ్లు కూర్చున్న మన పిల్లకు ఏమొచ్చింది, ఏం రాలేదు, ఎందుకు రాలేదు? ఈ లెక్క ఇవాళ తేల్చుకుందాం.

చదువు మనకు ఎవరూ దానం ఇవ్వలేదు. పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే మాంగు పిల్ల, 1855లో మాంగులు, మహార్ల దుఃఖం మీద వ్యాసం రాస్తే పత్రికలో అచ్చయింది. మన హైదరాబాదు రాజ్యంలో సర్కారు చదువు ఉర్దూలో సాగే రోజుల్లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు తెలుగు బడులు పెట్టిండు. అవి 26 దాకా పెరిగినయ్. 1971లో మన ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల బడి మొదలైంది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు అప్పటికి 13 ఏండ్లు.

కానీ ఒక్క మాట ఆలోచించండి. గురుకులంలో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలె. చలకుర్తి నవోదయలో ఆరో తరగతికి పోవాలంటే రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబు పెట్టాలె. ఆ పరీక్షకు తయారయ్యేది ఎక్కడ? ఊరి బడిలోనే. ప్రశ్న చదవలేని పిల్లకు తెలివి ఎంతుంటే ఏం లాభం? ఒకరిద్దరికి సీటొస్తే మేమూ సంబరపడతాం, శాలువా కప్పుతాం. మిగిలిన ఇరవై మంది సంగతి అడిగేటోళ్లు కావాలె.

మేము తరగతిలో చూస్తున్నది చెబుతం. మూడో తరగతి పిల్లవాడు పాఠం గడగడ అప్పజెబుతడు. వేలు పెట్టి చదివినట్టే ఉంటది. మధ్యల ఒక మాట మీద వేలు పెట్టి "ఇక్కడినుంచి చదువు బిడ్డా" అంటే నోరు పెగలదు. పాఠం కంఠతా వచ్చింది గానీ అక్షరం రాలేదు. వాడిని మొద్దు అంటే పాపం మనదే. అంత పాఠం చెవితో పట్టినవాడు మొద్దు ఎట్లయితడు? మన తాతలు డప్పు దరువులన్నీ ఇట్లనే కదా పట్టింది!

అందుకే మేము పాఠాన్ని పక్కనపెట్టి బస్సు బోర్డు తీసుకున్నం. కోదాడ. మూడే అక్షరాలు, వత్తు లేదు. ఇది చదివిన పిల్లకు గుణింతం వచ్చినట్టు. సూర్యాపేట, మిర్యాలగూడ - రెండింటిలోనూ 'ర్యా' ఉంది. ఆ వత్తు దగ్గర సగం తరగతి ఆగిపోతది. రెండూ చదివిన పిల్ల ఏ పుస్తకమైనా పట్టుకుంటది. అమ్మలారా, మీకు చదువు రాకపోయినా ఈ పరీక్ష మీరే పెట్టొచ్చు. బస్సు స్టేజీ కాడ నిలబడి బిడ్డను అడగండి. ఏ బస్సో చెప్పిందా లేదా, కండక్టరును అడిగితే తేలిపోతది!

లెక్కలూ అంతే. బోర్డు మీద గుణకారం వేస్తే తల వంచుకునే పిల్లను ఇట్ల అడిగినం: "మీ నాయిన కౌలు చేసిండు. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీసిండ్రు. 60 బస్తాలకు ఎంత పోయింది?" పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టి, "120 కిలోలు సారూ, మూడు బస్తాలు!" అంది. తరగతి అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ మూడు బస్తాలు ఎవరింటివో పిల్లలకు తెలుసు. ఏ మార్కుల కాగితం కన్నా ఇది పెద్ద ఫలితం అంటం మేము.

ఇంగ్లీషు గురించి అడుగుతరు. ఇంగ్లీషు మనకు కావాలె, అది దొరల పిల్లల సొత్తు కాదు. 2022-23 నుంచి సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలు వచ్చినయ్. మంచిదే. కానీ తెలుగు పేజీ చదవలేని పిల్లకు ఎదురు పేజీ గోడే. ముందు అక్షరం గట్టిపడాలె. 2022 ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' ఉద్దేశం కూడా అదే. మెట్టు కాగితం మీద ఎక్కితే చాలదు, పిల్ల ఎక్కాలె.

మరి చట్టం ఏమంటున్నది? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది. 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు. అంటే ఇద్దరు సార్లు ఐదు తరగతులు! ఒకరు సెలవు పెడితే, ఇంకో పనికి పోతే, ఆ రోజు బడి కాపలా బడే. సంవత్సరానికి 200 పనిదినాలు ఉండాలె. పత్తి ఏరటానికి బిడ్డను 40 రోజులు తీసుకపోతే ఐదో వంతు చదువు పత్తిచేలనే పోయినట్టు. మీ ఇబ్బంది మాకు తెలుసు, కూలి లేనిది పొయ్యి వెలగదు. అయినా అడుగుతున్నం: ఆ 40 రోజులు బిడ్డను బడిలో విడువండి.

ఇంకొకటి. చీపురు మన పిల్ల చేతికే, బకెట మన పిల్లవాని చేతికే వస్తే ఊరుకోవద్దు. పని వంతులవారీగా అందరూ చేయాలె, లేదా ఎవరూ చేయొద్దు. మధ్యాహ్న భోజనం వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మన అక్క వండితే అందరూ ఒకే బంతిలో తినాలె. ఆ బంతి కూడా ఒక పాఠమే.

కార్యకర్తలకు చెప్పేది ఇది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టం. బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి వంతు దక్కాలె. సంతకం కోసం పుస్తకం ఇంటికొస్తే వేలిముద్ర వేసి పంపకండి. బడికి పోండి, కూర్చోండి. నెలకొకసారి పిల్లలను ఎదుట చదివించమని అడగండి. ముందు బెంచీ పిల్లను కాదు, ఎనక కూర్చున్న పిల్లను లేపమనండి. ఆ పిల్ల చదివితేనే బడి చదివినట్టు.

అట్ల అడిగినప్పుడు ఏ సారుకైనా కోపమొస్తే రానియ్యండి. మేమూ సార్లమే. మమ్మల్నీ అడగండి.

జై భీమ్!