పాత రివాల్వర్లు కొనాలనుందా? ముందు ఈ లెక్క చూసుకోండి

చోడవరం నుంచి మళ్లీ వచ్చేశాను.

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఆర్1895 తెలుసు కదా? అది నిజంగా ఉన్న గన్నే. 1895లో రష్యా సైన్యం తీసుకున్న నాగాంత్ రివాల్వర్. మామూలుగా ఆరు గుళ్లు పడితే దీన్లో ఏడు పడతాయి. ఇలాంటి పాత రివాల్వర్లు తక్కువ బడ్జెట్‌లో ఏవి కొనొచ్చని చాలామంది అడుగుతున్నారు.

అమెరికా వీడియోల్లో గోడ నిండా వేలాడదీస్తారు. ఆ లెక్క మనకి కుదరదు. ఇక్కడ డబ్బు కంటే ముందు చట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, లైసెన్స్ ఉండాలి. 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి మూడు కాదు, రెండే. అంటే మీ కలెక్షన్ మొత్తం రెండు!

మరి ఏవి? క్లాసిక్ అంటే మనకి ముందు గుర్తొచ్చేది వెబ్లీ, బ్రిటిష్ ఆఫీసర్ల రివాల్వర్. మధ్యలో విరిచినట్టు తెరిస్తే ఖాళీ తూటాలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. అదే పద్ధతిలో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వర్ చేస్తోంది. దిగుమతులు ఎప్పుడో ఆగాయి కాబట్టి పాత విదేశీ రివాల్వర్‌కి పనితనం కంటే అరుదుతనానికే ఎక్కువ డబ్బు పెడతారు. బడ్జెట్ చూసుకుంటే నా ఓటు కాన్పూర్‌కే.

ఇంకో దారి, అసలు పేలని పాత ముక్క. రిపేరు చేసినా పేలదంటేనే దానికి ఈ చట్టం వర్తించదు. "తుప్పు పట్టింది కదా" అంటే సరిపోదు. తాతగారి పెట్టెలో ఏదైనా దొరికిందా? స్టేటస్‌లో పెట్టకండి, వెంటనే పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. వారసులుగా లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు.

టెలిగ్రామ్‌లో "చవగ్గా ఇస్తాం బ్రో" అన్నవాడిని మాత్రం బ్లాక్ చేయండి. లైసెన్స్ లేకుండా దగ్గరుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. ఉద్యోగం, పాస్‌పోర్ట్ అన్నీ చిక్కులో పడతాయి. ఐదు నిమిషాల రీల్‌కి అంత ఖరీదా?

చూడాలన్న ముచ్చటైతే వైజాగ్ బీచ్ రోడ్‌లో విశాఖ మ్యూజియం ఉంది, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ ఉంది. పాత ఆయుధాల దగ్గర నిలబడి ఏ ఏడాదిది, ఎవరు చేశారు, ఎలా తెరుచుకుంటుందో నోట్ చేసుకోండి. 1922 ఆగస్టు 22న అల్లూరి చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకెళ్లిన మన్యం మనకి పక్కనే. ఇనుము కంటే దాని వెనక కథే విలువైనది. ఆ కథలు ఎన్ని పోగేసినా లైసెన్స్ అక్కర్లేదు.

నచ్చితే మీ గేమింగ్ గ్యాంగ్‌కి షేర్ చేయండి. ఉంటాను మరి!