వార్తయు వాణిజ్యమును



'వార్త' యనగా నేడు సమాచారము. కౌటిల్యుని యర్థశాస్త్రమున మాత్రము కృషి, పశుపాలనము, వాణిజ్యము ననునవి మూడును గలిసి వార్త. ఈ రెండర్థములను తన జీవితమున నొక్కటి చేసిన పత్రికారచయిత అనిల్ అగర్వాలును గూర్చి మనవి చేయ దలచితిమి.

ఆయన 1947లో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో యంత్రశాస్త్రము చదివి, 1973లో హిందూస్థాన్ టైమ్సులో విలేఖరిగా బ్రవేశించెను. మరుసటి యేడు హిమాలయములకు బోయి చిప్కో యుద్యమమును గూర్చి వ్రాసెను. అడవి నశించినచో మేతయు, వంటచెరకును, నీరును నశించును గావున నది బీదల కూటి ప్రశ్నయే యని యాయన వాదము. 1980లో ఢిల్లీలో విజ్ఞాన పర్యావరణ కేంద్రమును, 1992లో 'డౌన్ టు ఎర్త్' పత్రికను నెలకొల్పెను.

మాకు మిక్కిలి నచ్చినది కాగితపు మిల్లుల పరీక్ష. వెదు రెచ్చటనుండి వచ్చుచున్నది? టన్ను కాగితమునకు నీ రెంత? మురుగు నీరు ఏ యేటిలో గలియుచున్నది? ఇట్లు లెక్క లడిగించి, 1999లో 28 మిల్లులకు మార్కులు వేయించెను. మాబోటి బడిపంతుళ్ళకు బరిచితమైన పద్ధతియే! ఐదాకులు పూర్ణ బహుమానము. అవి యే మిల్లునకును రాలేదు. లెక్క చెప్ప నిరాకరించినవారికి గట్టకడపటి స్థానము.

డీసెలు పొగను గూర్చి వ్రాసినందులకు మోటారుల నిర్మాణ సంస్థ యొకటి నూరుకోట్ల రూపాయల పరువునష్టపు తాఖీదు నంపెను. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్నను ఆయన కలము దింపలేదు. 2002 జనవరి 2వ తేదీన గతించెను. ఆ యేడాది డిసెంబరునాటికి ఢిల్లీ సిటీబస్సులు డీసెలు మాని సి.ఎన్.జి.తో నడచెను.

ఈ ప్రసంగమునకు గారణము గలదు. పత్రికారచన నభ్యసింపగోరు మన బాలు డొకడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టుకొనెను. "రేపు వాడు మన మిల్లులమీదనే వ్రాయడా?" యని యొక పెద్దలు నవ్వుచు ననిరి. వ్రాయును. మనవారి బియ్యపుమిల్లులు, అద్దకపు షెడ్లు కాలువగట్టుననే యున్నవి. దిగువ నానీటిని ద్రాగువారును మనవారే గదా!

మున్ను మేమును ఒక తెలివైన శిష్యుని, పత్రికలు కూడు పెట్టవని చెప్పి మాన్పితిమి. అతడు గుమాస్తాగానే పింఛను పుచ్చుకొనెను. ఎదురైనప్పుడెల్ల నేటికిని నమస్కరించును. మాకు మాత్రము మాట రాదు.

మా పింఛనునుండి 5,000 రూపాయలు నిధికై కార్యదర్శిగారికి ముట్టజెప్పితిమి. రేపటి కార్యవర్గమున బాలుని దరఖాస్తును మొదటనే చదివింప వేడుచున్నాము.