కంచెయే చేను మేయునపుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాసికొను నేను రక్తమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా దోపవచ్చును. కారణము ముందే మనవి చేసికొందును. మన గ్రామమున నొక తల్లికి ప్రసవమై రక్తము మిక్కుటముగా పోయినపుడు ఆసుపత్రికి తోడు వెళ్లినవారిలో నేనొకడను. ఆమె యన్న చొక్కాచేయి పైకి మడచి, "నా చెల్లెలికి నా రక్తము గాక మఱెవరిది కావలెను? తీసికొనుడు" అనెను. వైద్యుడు పరీక్ష చేయించి, "నీది బి వర్గము, ఆమెది ఓ వర్గము. నీ రక్తమెక్కించిన ఆమె ప్రాణమునకే ముప్పు" అని చెప్పెను. తోడబుట్టినవాని రక్తము విషమగుటెట్లు? ఆ సందేహమే నన్ను మన గ్రంథాలయపు శాస్త్రగ్రంథముల చెంతకు నడపినది.

ఎఱ్ఱకణములు మిక్కిలి చిన్న సంచుల వంటివి. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన, అందు 7, 8 భాగములు వాని వెడల్పు. లోపల ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్, చుట్టును క్రొవ్వుతోను మాంసకృత్తులతోను ఏర్పడిన పలుచని పొర. ఆ పొర వట్టి గోడ గాదు, మెలకువ గల కావలి. పొటాసియమును లోపల నిలుపుకొనును. చొరబడిన సోడియమును వెలికి తోడిపోయుచుండును. ఈ జమాఖర్చు సరిగా సాగినంతకాలము, అనగా సుమారు 120 దినములు, కణము బ్రదుకును.

1901వ సంవత్సరమున కార్ల్ లాండ్‌స్టైనర్ మానవరక్తమున వర్గభేదములు గలవని వెల్లడించెను. ఓ వర్గమువారి రక్తద్రవమున ఏ, బి గుర్తులను పట్టుకొను ప్రతిరక్షకములు ముందే సిద్ధముగా నుండును. బి కణము ప్రవేశించినంతనే అవి దాని పొరను అంటుకొనును. కాని అవి తమంతట తాము కణమును బ్రద్దలు చేయజాలవు; గుర్తుపెట్టి, కాంప్లిమెంట్ అను మఱికొన్ని మాంసకృత్తులను పురికొల్పును. బెల్జియము దేశీయుడైన జూల్ బోర్డే 19వ శతాబ్దము చివర దీనిని తేటపఱచెను. రక్తద్రవమును సుమారు 55 డిగ్రీలకు వేడిచేసిన, కణములను కరగించు శక్తి నశించును. వేడి తగులని తాజా ద్రవము కొంచెము చేర్చిన, ఆ శక్తి మరల వచ్చును. అనగా వేడికి ఓర్చునదొకటి, ఓర్వనిదొకటి. రెండును గూడిననే కార్యము. ఈ కృషికి ఆయనకు 1919వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

కాంప్లిమెంట్ కార్యము వరుసగా అంటుకొను దీపముల వంటిది; ఒకటి మేల్కొని రెండవదానిని మేల్కొలుపును. తుదకు 5వ మాంసకృత్తు ఖండముతో 6, 7, 8 చేరును. పిదప 9వది అనేకములు వలయముగా గుమిగూడి పొరలో గొట్టము దించును. దాని రంధ్రము మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు. చెఱువుకట్టకు ఎలుకబొఱియ చాలును గదా! పొటాసియము వెలికి జాఱును, సోడియము లోనికి దూరును. లోపలి పెద్ద అణువులు వెంటనే బయటపడలేవు గావున నీరు లోనికి వచ్చుచునే యుండును. ఎండుద్రాక్ష నీట నానినట్లు కణముబ్బి, తుదకు పగులును. చిందిన హీమోగ్లోబిన్ మూత్రమును నల్లబఱచి, మూత్రపిండములను చెఱచును, ప్రాణమే పోవచ్చును.

మన కణములపై నీ గొట్టమేల దిగదు? వాని పొరపై సీడీ 59 అను రక్షకము 9వదానిని చేరనీయదు. ఆ రక్షకము లోపించిన యొక అరుదగు వ్యాధిలో సొంత కాంప్లిమెంటే సొంత కణములను పగులగొట్టును. కంచెయే చేను మేసినట్లే. 5వ మాంసకృత్తును అడ్డగించు ఎక్యులిజుమాబ్ అను మందునకు 2007లో అమెరికాలో అనుమతి లభించెను.

ఆనాడు ఆ తల్లికి సరిపడిన రక్తమిచ్చినదెవరో మీలో పెక్కురెఱుగుదురు. గట్టు తగవుతో ఆ యింటివారితో పలుకు మానిన పొరుగు రైతే. బంధుత్వమును నేను లెక్కల పుస్తకములలో చూచితిని; రక్తము లెక్క వేఱు.

కావున ప్రతి యింటివారును తమ రక్తవర్గమును తెలిసికొని యుండుడు. అయినను రక్తమెక్కించునపుడు ఇరువురి రక్తములను కలిపి చూచు పరీక్ష జరుగువఱకు ఓర్పు వహింపుడు. జాగు చేయుచున్నారని వైద్యుని నిందింపకుడు. ఆ కొద్దిసేపే ప్రాణరక్ష. సెలవు.