వెనక నుంచి చదవాల్సిన ఫైలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈసారి కరువు భత్యం, మెడికల్ బిల్లులు వదిలేసి మరేదైనా మాట్లాడండి" అన్నారు కార్యదర్శిగారు. అందుకని ఒక సినిమా గురించి మాట్లాడదామని వచ్చాను. భక్తి సినిమా కాదండి, హత్యల సినిమా, అదీ ఇంగ్లీషుది. పేరు 'మెమెంటో'. 2000లో వచ్చింది. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్. ఆయన తమ్ముడు జొనాథన్ ఊహించిన కథ దీనికి ఆధారం. ఈ వయసులో ఈయనకిదేం సరదా అని మీరనుకోవచ్చు. చివరిదాకా వింటే నా కారణం మీకే తెలుస్తుంది.

సినిమా చూపించింది మా మనవడు. అరగంట కాకుండానే లేచి, "ఒరే, రీళ్లు తారుమారు చేశావురా" అన్నాను. వాడు నవ్వి, "కథే అంత తాతయ్యా, కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఆ రోజుకి సగమే అర్థమయింది. మర్నాడు మళ్లీ చూశాను.

ముందు కథ మనవి చేస్తాను. లెనార్డ్ అనే అతను బీమా క్లెయిముల విచారణాధికారి. ఒక రాత్రి దుండగులు ఇంట్లో జొరబడతారు. భార్య మీద దాడి జరుగుతుంది, ఇతని తలకు దెబ్బ తగులుతుంది. దెబ్బకు ముందు సంగతులన్నీ అతనికి గుర్తున్నాయి. తర్వాత జరిగినవి మాత్రం కాసేపటికే చెరిగిపోతాయి. నా భార్యను చంపినవాణ్ణి పట్టుకోవాలి అన్నదొక్కటే అతని పట్టుదల. అందుకని కనబడ్డ మనిషికల్లా ఫోటో తీసి, దాని మీద రెండు ముక్కలు రాసుకుంటాడు. మరీ ముఖ్యమైనవి ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటాడు.

ఇక చెప్పిన తీరు. మా సెక్షన్లో ట్యాగు కట్టిన ఫైలు మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త కాగితం పైన ఉండేది. అట్ట తెరవగానే కనబడేది ఆఖరి ఉత్తర్వు. అది ఎందుకిచ్చారో తెలియాలంటే ఒక్కొక్క కాగితమే తిప్పుకుంటూ అడుగుకు పోవాలి. ఈ సినిమా అటువంటి ఫైలే. మొదటి సీనులోనే లెనార్డ్ టెడ్డీ అనే వాణ్ణి కాల్చేస్తాడు. ఉత్తర్వు అమలైపోయింది. అక్కణ్ణుంచి రంగుల్లో వచ్చే సీన్లు ఒక్కొక్కటే వెనక్కి పోతాయి. ప్రతి సీనూ దాని ముందు మనం చూసిన సీను ఎక్కడ మొదలయిందో అక్కడికి వచ్చి ఆగుతుంది. మధ్యమధ్య తెలుపు నలుపుల్లో మరికొన్ని సీన్లు వస్తాయి. వాటిలో అతను లాడ్జి గదిలో ఫోనులో మాట్లాడుతూ ఉంటాడు. అవి మాత్రం మామూలుగా ముందుకే నడుస్తాయి. సినిమా చివర ఒక ఫోటోకి రంగు తేలుతూ ఉండగా తెలుపు నలుపు పోయి రంగులొస్తాయి. రెండు దారులూ అక్కడ కలుస్తాయి. ఈ మూడు నాలుగు సంగతులు పట్టుకుంటే సినిమా అర్థం కాకపోవడమంటూ ఉండదు.

మరి ఇంత తిప్పలెందుకు? వరసగా చెప్పకూడదా? చెప్పవచ్చు. 2002లో వచ్చిన ఒక డీవీడీలో కాలక్రమంలో చూసుకునే ఏర్పాటు కూడా పెట్టారు. కాని వరస సరిచేస్తే పోయేదేమిటో రెండు ఉదాహరణలతో చెబుతాను.

ఒకచోట సీను మొదలయ్యేసరికి లెనార్డ్ పరుగెత్తుతూ ఉంటాడు. పక్కన ఇంకొకడూ పరుగెత్తుతున్నాడు. నేను వాణ్ణి తరుముతున్నానా, వాడు నన్ను తరుముతున్నాడా అని అతనికే తెలియదు. మనకూ తెలియదు. వాడు తుపాకీ పేల్చాక గాని ఇద్దరికీ బోధపడదు.

ఇంకోచోట నాటలీ అనే ఆవిడ మొహం మీద దెబ్బలతో వస్తుంది. డాడ్ అనేవాడు కొట్టాడంటుంది. లెనార్డ్ జాలిపడి సాయానికి బయల్దేరతాడు. మనమూ జాలిపడతాం. తర్వాత సీను వస్తే తెలుస్తుంది, కొట్టింది లెనార్డే. ఆవిడే కావాలని రెచ్చగొట్టి కొట్టించుకుంది. అతను రాసుకోకుండా ఇంట్లో పెన్నులన్నీ ముందే దాచేసింది. బయట కారులో కాసేపు కూర్చుని, అతను మరిచిపోయాక ఏడుస్తూ లోపలికొచ్చింది.

ఇదే వరసగా చూపిస్తే మనకు ముందే తెలిసిపోతుంది. "అయ్యో పాపం, వాడికి తెలియదు" అని ఒడ్డున నిలబడి చూస్తాం. వెనక నుంచి చూపించబట్టి, ఇందాక ఏం జరిగిందో అతనిలాగే మనమూ ఎరగం. 2005లో తమిళంలో వచ్చి తెలుగులోకీ డబ్బయిన సూర్య 'గజిని' మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మతిమరుపే, ఆ ఫోటోలే, ఆ పచ్చబొట్లే. కాని అక్కడ డైరీ చదివేవాళ్ల ద్వారా ఫ్లాష్‌బ్యాక్‌లో గతం మనకు తెలుస్తుంది. హీరో మరిచిపోయాడు, మనం మరవలేదు. తేడా అదే.

ఇప్పుడు నా కారణం చెబుతాను. మా అన్నయ్య కొడుకు దగ్గర, మా పక్క వీధిలోనే ఉంటున్నాడు. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. లెనార్డ్‌ది దెబ్బతో వచ్చింది, ఇది మెల్లమెల్లగా పెరిగేది. పాతవి కూడా తినేస్తుంది. రెండూ ఒకటి కావని డాక్టరుగారు చెప్పారు. అయినా ఇందాకటి మాట నిలవకపోవడం ఇద్దరికీ ఉంది. "ఇప్పుడేగా చెప్పాను" అని నేనెన్నోసార్లు విసుక్కున్నాను. ఆయన తెల్లమొహం వేసుకుని చూసేవాడు. ఆ సినిమాలో రెండు గంటల లోపు నేను వేసిన మొహం కూడా అదే. విసుగు ఆ రోజుతో చాలావరకు తగ్గింది.

కాని అసలు సంగతి ఇంకొకటుంది. మా వదిన పోయి రెండేళ్లయింది. "మీ వదిన ఏదిరా?" అని అన్నయ్య రోజూ అడిగేవాడు. మొదట్లో నిజం చెప్పేవాళ్లం. చెప్పినప్పుడల్లా అప్పుడే పోయినట్టు ఏడ్చేవాడు. గంటకు మళ్లీ అడిగేవాడు. చూడలేక, ఆయన జేబులో ఉండే చిన్న పుస్తకంలో నేనే రాశాను, "వదిన విశాఖలో అమ్మాయి దగ్గరికి వెళ్లింది. పండక్కి వస్తుంది" అని. నా దస్తూరీ ఆయనకు చిన్నప్పట్నుంచి తెలుసు. చదివి ఊరుకునేవాడు. ఉపాయం బాగుందని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

సినిమా చివర టెడ్డీ లెనార్డ్‌తో అంటాడు, నువ్వు వెతికేవాణ్ణి ఎప్పుడో చంపేశావు, మరిచిపోయి మళ్లీ వెతుకుతున్నావని. అది నిజమా కాదా అన్నది సినిమా తేల్చదు. లెనార్డ్‌కి మాత్రం ఆ మాట అక్కర్లేదు. కాసేపటికి ఇదంతా మరిచిపోతానని తెలిసే, టెడ్డీ ఫోటో వెనక వీడి అబద్ధాలు నమ్మొద్దని రాస్తాడు. వాడి కారు నంబరును హంతకుడి ఆధారంగా రాసుకుంటాడు. మొదటి సీనులో పేలిన తుపాకీకి ఉత్తర్వు అదన్నమాట. ఫైలు అడుగున దొరికిన కాగితం, అతని చేతిరాతే.

మనం ముప్ఫై ఏళ్లు కాగితాన్ని నమ్మి పనిచేసినవాళ్లం. కాగితం మీద ఉంటే నిజం, లేకపోతే లేదు. ఆ సీను చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. గుర్తులేని మనిషి చేతిలో పెట్టే కాగితం ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది. అన్నయ్య ఆ చీటీ చదువుకుని సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. మేం ప్రశాంతంగా ఉన్నాడనుకున్నాం. ఆయన వదిన కోసం ఎదురుచూస్తున్నాడు.

మర్నాడు వెళ్లి ఆ పేజీ చించేశాను. "మరి అడిగితే ఏం చెబుదాం బాబాయ్?" అన్నాడు మా అన్నయ్య కొడుకు. నిజాయితీగా చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం అన్నయ్య అడగనే అడిగాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, "వదిన గుర్తొచ్చిందా అన్నయ్యా? ఏం గుర్తొచ్చిందో చెప్పు" అన్నాను. చెప్పడం మొదలెట్టాడు. ముందు రెండో కాన్పు, తర్వాత పెళ్లిచూపులు, ఆ తర్వాత పాత ఇంట్లో బావి, మళ్లీ పెళ్లి. వరసా వావీ లేదు. ఇదివరకైతే మధ్యలో సరిదిద్దేవాణ్ణి. ఇప్పుడు దిద్దడం లేదు. ఏ ముక్క దేని పక్కన పెట్టాలో నాకు తెలుసు, అది చాలు.

అడగడం మానలేదు. ఏడవడం మాత్రం తగ్గింది. మీ ఇళ్లలోనూ ఇటువంటి పెద్దలుంటే, వాళ్ల జేబులో ఏం రాసి పెడుతున్నారో ఒక్కసారి తీసి చదువుకోమని మనవి.