పాత బండి ఉంచాలా? కొత్తది కొనాలా?



ఈ రోజు ట్రాక్టరు గురించి మాట్లాడుకుందాం. "ట్రాక్టరు సంగతి మగవాళ్లది, ఆడవాళ్లకెందుకు?" అనుకోవద్దు. ట్రాక్టరు అప్పు తీర్చేది ఇంటి డబ్బుతోనే. తాకట్టు పెట్టేది ఇంటి పొలాన్నే. ఆ కాగితం మీద ఒక్కోసారి ఇంటి ఇల్లాలి సంతకం కూడా ఉంటుంది. సంతకం పెట్టే మనిషికి లెక్క తెలియాలి కదా!

ఒక ఇంటి కథ చెప్పుకుందాం.

పెన్నా కాలువ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక రైతు కుటుంబం. ఆరెకరాల వరి పొలం. 35 హార్స్‌పవర్ ట్రాక్టరు ఒకటి. అది కొని 18 ఏళ్లయింది. సొంత పొలం దున్నుతారు. తీరిక దొరికితే బాడుగకు తిప్పుతారు.

పోయిన ఏడు సరిగ్గా నాట్లప్పుడు, దమ్ము చేస్తుండగా బండి ఆగిపోయింది. తొమ్మిది రోజులు షెడ్డులోనే ఉంది. బాడుగకు ఒప్పుకున్న పొలాలు వేరేవాళ్ల బండికి పోయాయి.

కొడుక్కి కోపం వచ్చింది. "అమ్మా, ఈ డొక్కు బండితో ఇంక కాదు. షోరూములో పాతదానికి 2 లక్షలు ఇస్తారంట. కొత్తది 7 లక్షలు. మిగతా 5 లక్షలు అప్పు ఇప్పిస్తారు. సంతకాలు పెట్టడమే తరువాయి" అన్నాడు.

తాత ఒప్పుకోలేదు. "ఆ బండి మన ఇంటి లక్ష్మిరా! దాన్ని అమ్ముతావా?" అన్నాడు.

తండ్రి ఎటూ చెప్పలేకపోయాడు. "ఊళ్లో అందరూ కొత్తవి కొంటా ఉండారు. పరువు పోతా ఉంది" అని మాత్రం అన్నాడు.

ఆ ఇల్లాలు అంతా విన్నది. ఆమె సాక్షరతా కేంద్రంలో చదవడం, రాయడం నేర్చుకుంది. గూట్లో ఉన్న నోటుబుక్కు తెచ్చింది.

"పరువు వద్దు, ప్రేమా వద్దు. ముందు లెక్క రాద్దాం. మీరు చెప్పండి, నేను రాస్తా" అంది.

పేజీకి నడుమ గీత గీసింది. ఒక పక్క 'పాతది', ఇంకో పక్క 'కొత్తది' అని రాసింది.

పాత బండి పక్క ఇలా రాసింది. ఏడాదికి రిపేర్లు 40,000 రూపాయలు. బండి ఏడాదికి 300 గంటలు నడుస్తుంది. కొత్త బండి కంటే గంటకు ఒక లీటరు డీజిలు ఎక్కువ తాగుతుంది. లీటరు 100 రూపాయలు అనుకుంటే 30,000 రూపాయలు. బండి ఆగిన రోజుల్లో పోయిన బాడుగ 25,000 రూపాయలు. మొత్తం 95,000 రూపాయలు.

కొత్త బండి పక్క ఇలా రాసింది. అప్పు 5 లక్షలు. వడ్డీ ఏడాదికి నూటికి 12 రూపాయలు. ఐదేళ్లలో తీర్చాలి. ఆరు నెలలకు ఒక వాయిదా. ఒక్కో వాయిదా సుమారు 68,000 రూపాయలు. ఏడాదికి 1,36,000 రూపాయలు. ఐదేళ్లకు 6,80,000 రూపాయలు. అంటే 5 లక్షల అప్పుకు 1,80,000 రూపాయల వడ్డీ!

కొడుకు ఆ పేజీ వంక చూశాడు. "కొత్తదానికి ఐదేళ్ల తర్వాత కూడా మంచి ధర ఉంటుంది గదమ్మా" అన్నాడు.

"నిజమే నాయనా. ఆ ధర అమ్మినప్పుడు చేతికొస్తుంది. వాయిదా మాత్రం ఆరు నెలలకోసారి కట్టాలి. వాన ముంచిన ఏడు ఏం పెట్టి కడతాం? బ్యాంకులో పెట్టేది పొలం పాస్‌బుక్కు గదా!"

కొడుకు మాట్లాడలేదు.

"అట్టని పాతదే గొప్ప అనడంలా. దానికీ పరీక్ష చేయిద్దాం" అంది తల్లి.

మర్నాడు నమ్మకమైన మెకానిక్కును పిలిచారు. అతను బండి స్టార్టు చేయించి పొగ చూశాడు. పొగను చూసి కూడా రోగం పోల్చుకోవచ్చు. పొగ నల్లగా వస్తే డీజిలు సరిగా మండటం లేదు. గాలి ఫిల్టరు దుమ్ముతో నిండిందేమో చూడాలి. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలిపోతోంది. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే అందులో నీళ్లు కలిశాయి.

ఈ బండికి నీలం పొగ వచ్చింది. "పిస్టన్లు, లైనర్లు మార్చాలి. 60,000 అవుతుంది. గేరుబాక్సు గట్టిగా ఉంది. సామాన్లు దొరుకుతాయి. బ్రేకులు మాత్రం వెంటనే చేయించండి" అన్నాడు.

ఆమె మళ్లీ రాసింది. 60,000 ఖర్చు నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 15,000. 95,000కు 15,000 కలిపితే 1,10,000. అయినా కొత్త బండి వాయిదా కంటే 26,000 తక్కువే. ఇంజను బాగుపడితే రిపేర్లు, ఆగిపోయే రోజులు ఇంకా తగ్గుతాయి.

అప్పుడే ఆమె ఆర్సీ పుస్తకం కూడా తీసి చదివింది. ట్రాక్టరు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. తర్వాత బండిని ఆఫీసులో చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. వీళ్ల గడువు తీరి మూడేళ్లయింది! ఇంట్లో ఎవరూ చూసుకోలేదు. ఇన్సూరెన్సు గడువు కూడా తీరిపోయింది.

"ఈ మూడేళ్లలో ఏదన్నా ప్రమాదం జరిగుంటే పొలం అమ్మినా తీరేది కాదు" అన్నాడు తండ్రి. ఉంచుకున్నా, అమ్మినా కాగితాలు సరిగా ఉండాల్సిందే. మరుసటి వారమే ఆఫీసుకు పోయారు.

చివరికి ఆ ఇంట్లో ఒక మాట అనుకున్నారు. మూడేళ్లు పాత బండినే ఉంచాలి. పనులు లేని ఎండాకాలంలో ఇంజను చేయించాలి. బ్రేకులు ఇప్పుడే చేయించాలి. మిగిలే డబ్బులో నెలకు 2,000 పొదుపు చేయాలి. మూడేళ్లకు 72,000 అవుతుంది. అప్పుడు కొంటే అప్పు ఆ మేరకు తగ్గుతుంది.

అక్కలారా, అందరి లెక్కా ఒకటి కాదు. ఏడాదికి 1,000 గంటలు బాడుగకు తిప్పేవాళ్లకు పాత బండి ఒక్క డీజిల్లోనే లక్ష రూపాయలు ఎక్కువ తాగుతుంది. వాళ్లకు కొత్తదే మేలు కావచ్చు. సామాన్లు దొరకని బండిని కూడా ఉంచుకోలేం. పదిరోజుల పనికోసం బండి కొనే బదులు బాడుగకు తెచ్చుకోవడం మేలు.

కొనేవాళ్లు ఒక ప్రశ్న తప్పక అడగాలి: "పాత బండి ఇవ్వకుండా కొంటే కొత్తది ఎంత?" అప్పుడు పాతదానికి నిజంగా ఎంత కట్టారో తేలిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది చదివి చూసుకోవాలి.

పాత బండి ఇచ్చేస్తే ఆర్సీలో పేరు మార్పించాలి. పేరు మారని బండి ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్నవాళ్లదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక్క విషయంలో మాత్రం లెక్క చూడకూడదు. అది ప్రాణం. బ్రేకు పట్టని బండిని రోడ్డెక్కించకూడదు. బండి కొత్తదైనా, పాతదైనా ట్రాలీలో కూలీలను ఎక్కించకూడదు. 2018లో నల్గొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో కూలీల ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మన అక్కచెల్లెళ్లే. పొలం పనికి పోయి ఇంటికి తిరిగి రాలేదు.

ఆ ఇల్లాలి నోటుబుక్కు ఇప్పుడు ట్రాక్టరు షెడ్డులో మేకుకు వేలాడుతోంది. తేదీ, నడిచిన గంటలు, డీజిలు, రిపేరు, బాడుగ - రోజూ రాస్తారు. మొదట రాసింది తల్లి. ఇప్పుడు కొడుకే రాస్తున్నాడు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ట్రాక్టరుకో, మోటారుకో ఏడాదికి ఎంత ఖర్చవుతోంది? రాయండి.
2. మీ ఇంటి బండి ఆర్సీ, ఇన్సూరెన్సు గడువు ఎప్పటిదాకా ఉంది? చదివి చెప్పండి.
3. మీ ఊళ్లో ట్రాలీలో పనికి వెళ్తున్నారా? దానికి బదులు ఏం చేయవచ్చు?