లక్క నుంచి లాకర్ దాకా
(సి.పి. బ్రౌన్ స్మారకోపన్యాసం)

చార్మినార్‌కు పడమట లాడ్ బజార్ మొదలవుతుంది. దుకాణాల వెనక ఇరుకు గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పనివాళ్లు కూర్చుంటారు. సెగకు మెత్తబడిన లక్క ముద్దను కడ్డీలా సాగదీసి, వంచి, రెండు కొనలు అతికించి గాజు చేస్తారు. వేడి ఆరకముందే రాళ్లు, అద్దం ముక్కలు ఒక్కొక్కటే పొదుగుతారు. చెయ్యి కాస్త ఆలస్యమైతే రాయి దిగదు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ లక్క ఆంగ్ల నిఘంటువులో 'లాక్'.

సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా. మోదుగ, రేగు కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించే జిగురు అది. పాండవులను కాల్చడానికి కట్టించిన లక్క ఇల్లు, పిల్లలాడే లక్కపిడతలు, పార్సిల్ ముడి మీద వేసే లక్క సీలు: తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. అది పారశీక, అరబ్బీ నోళ్లలో నాని, మధ్యయుగ లాటిన్‌లో 'లక్కా' అయి, యూరప్ భాషలకు పాకింది. 'లాకర్' అనే మెరుగుపూతకు పేరు అక్కడిదే. తాళం వేసి సొమ్ము దాచుకునే లాకరు వేరు. దానికి దీనికి చుట్టరికం లేదు.

రంగుల పెట్టెలో 'క్రిమ్సన్ లేక్' అని ఉంటే పిల్లలు చెరువనుకుంటారు. ఆ 'లేక్' లక్క నుంచి తీసిన ఎర్రరంగుతో పుట్టిన మాట. చెరువు 'లేక్' లాటిన్ 'లాకుస్' సంతానం. స్పెల్లింగ్ ఒకటే, వంశాలు వేరు.

'షెల్లాక్' కథ ఇంకా బాగుంటుంది. శుద్ధిచేసిన లక్కను కరిగించి పలచని రేకులుగా సాగదీస్తే పెంకుల్లా విరుగుతుంది. ఫ్రెంచివారు 'పెంకుల లక్క' అన్నారు. ఆంగ్లేయులు దాన్నే 'షెల్', 'లాక్' కలిపి తర్జుమా చేసుకున్నారు. 1890ల నుంచి గ్రామఫోన్ రికార్డులు దీనితోనే చేశారు. 1948లో వినైల్ లాంగ్‌ప్లే వచ్చాక దాని కాలం తగ్గుముఖం పట్టింది. ఘంటసాల గొంతు ఇంటింటికీ మొదట చేరింది షెల్లాక్ పళ్లాల మీదే.

1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌన్, జనం నోట ఆడే మాటలకు పెద్దపీట వేశాడు. ఇప్పటి పోటీ పరీక్షల పుస్తకాలు మాత్రం ఆ వాడుక మాటల ఊసెత్తకుండా, ఆంగ్లపదాలను పక్కన అర్థాలు రాసి వరసగా కంఠస్థం చేయిస్తున్నాయి. అలా నేర్చిన మాట పరీక్ష దాటగానే జారిపోతుంది. లాకర్, షెల్లాక్, క్రిమ్సన్ లేక్‌లను ఒకే కుటుంబంగా చూపిస్తే, ఒకటి గుర్తొచ్చినప్పుడు మిగతావీ వస్తాయి. పాతబస్తీ పిల్లలకు సగం పని ముందే అయిపోయింది. ఇంట్లో దక్కనీ ఉర్దూలో వాళ్లు 'లాఖ్ కీ చూడియా' అంటూనే ఉన్నారు. పంతులుగారు ఆ మాటతో మొదలుపెట్టి లాడ్ బజార్ కుంపటి చూపించి, ఆ తర్వాత నిఘంటువు తెరిపించాలి.